ఆనందాచార్యులు ఒక్క మార్కు ప్రశ్నేనా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. మా మనవడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మొన్న రాత్రి అన్నం తింటూ, "తాతా, కాంగ్రెస్ అధ్యక్షుడైన తొలి తెలుగువాడెవరు?" అని అడిగాడు. "పనప్పాకం ఆనందాచార్యులు, 1891, నాగపూర్" అన్నాను. "కరెక్టే" అని పేజీ తిప్పేశాడు. ఆయనది మన చిత్తూరు కట్టమంచేరా అంటే, కట్టమంచి అంటే రామలింగారెడ్డి గారు కదా అన్నాడు. వాడిని ఏమనగలను? గైడులో ఆయనకిచ్చింది ఒక్క బిట్టే.

చిత్తూరులో నలభై ఏళ్లు నల్లకోటు వేసుకున్నవాణ్ణి కాబట్టి ఆయన వకాల్తా సంగతి ముందు చెబుతాను. 1843లో ఇక్కడ పుట్టి, చిన్నప్పుడే మద్రాసు వెళ్లి, కాయలి వెంకటపతి అనే పెద్ద వకీలు దగ్గర పని నేర్చుకుని, 1869లో హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లండు వెళ్లి వచ్చిన బారిస్టర్లది పై మెట్టు, ఇక్కడే చదువుకున్న వకీళ్లది కింది మెట్టు. ఆ తేడా మింగలేకే వకీళ్లు సంఘం పెట్టుకున్నారు. 1889లో అది మొదలైంది ఆనందాచార్యుల ఆఫీసు గదిలోనే. ఇవాళ మద్రాసు హైకోర్టులో ఉన్న అడ్వకేట్స్ అసోసియేషన్‌కు మూలం అదే.

పత్రికలకు వ్యాసాలు రాయడం ఆయనకు కోర్టు పనితో సమానం. 1878లో కుర్రవాళ్లు కొందరు చేతిలో డబ్బు లేకుండానే 'ది హిందూ' మొదలుపెట్టినప్పుడు వాళ్లకు అండగా నిలిచారు, అందులో తరచూ రాశారు. 1884లో మద్రాసు మహాజన సభ అనే రాజకీయ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరు. మరుసటి ఏడాది బొంబాయిలో తొలి కాంగ్రెస్ సభకు వెళ్లిన 72 మందిలో ఉన్నారు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం 1891లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆయన చేసిన నాగపూర్ ఉపన్యాసం గురించి. ఆయనకు ముందు అధ్యక్షులైన ఆరుగురిలో ఇద్దరు తెల్లవాళ్లు. దక్షిణాది నుంచి ఈయనే మొదటివారు. ఇన్ని కులాలు, ఇన్ని మతాలు, ఇన్ని భాషలున్న మీరు ఒక జాతి ఎలా అవుతారని దొరలు ఎద్దేవా చేస్తున్న కాలం అది. దానికి ఈయన వకీలు లాగానే జవాబు చెప్పారు, ముందు మాటకు అర్థం తేల్చుకుందాం అని. జాతి అంటే రక్తం ఒకటి కావడం కాదు, మతం ఒకటి కావడం కాదు, భాష ఒకటి కావడమూ కాదు. మన సంస్కృతంలో 'ప్రజ' అనే మాట ఉంది, రాజు అనే మాటకు జోడీగా వచ్చేది, ఆ అర్థంలో తీసుకోండి అన్నారు. ఒక రాజ్యం కింద ఉన్నవాళ్లంతా ఒక ప్రజ. అంతే. ఇంగ్లీషులో వాదిస్తూ, కీలకమైన చోట మన ఇళ్లలో వాడే మాటను తెచ్చి నిలబెట్టారు.

ఆ రాజు స్థానంలో విక్టోరియా రాణి ఉండటం ఆయనకు అభ్యంతరం కాలేదన్నది నిజమే. బ్రిటిష్ సర్కారు ఇచ్చిన రాయ్ బహదూర్, సీఐఈ బిరుదులు కూడా పుచ్చుకున్నారు. కాంగ్రెస్‌లో మితవాదుల పక్షాన ఉండి, 1907 చివర సూరత్ సభలో మితవాదులు, అతివాదులు విడిపోయిన తర్వాత ఎన్నో రోజులు గడవకుండానే 1908లో కన్నుమూశారు. అర్జీలు రాసుకున్న తరం అని తర్వాతివాళ్లు వీళ్లను పక్కన పెట్టేశారు. అర్జీ రాయడం చేతకాని ఊళ్లో అది చిన్న పనేమీ కాదని నా అభిప్రాయం, వృత్తిరీత్యా కావచ్చు.

ఇంకో సంగతి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆయన బతికినంతకాలం ఇది ఉత్తర ఆర్కాటు. బతుకంతా మద్రాసులో గడిచింది. మనం ఆయన్ను మనవాడిగా గట్టిగా పట్టుకోకపోవడానికి అదీ ఒక కారణమేమో.

విగ్రహం పెట్టమని అడగడం లేదు. జంక్షన్లలో ఇప్పటికే చోటు లేదు. ఆ నాగపూర్ ఉపన్యాసాన్ని తెలుగులోకి తెప్పించి, చిన్న పుస్తకంగా వేసి, జిల్లా గ్రంథాలయ సంస్థ తన శాఖలన్నిటికీ పంపితే చాలు. పాఠ్యపుస్తకాలు రాసేవారు అందులోంచి 'ప్రజ' గురించిన రెండు పేరాలు తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో వేస్తే ఇంకా మంచిది. అధ్యక్షోపన్యాసాల ఇంగ్లీషు సంకలనాల్లో అది దొరుకుతుంది. తెలుగులో మాత్రం నా కంట పడలేదు. ఒక గ్రంథాలయంలో అడిగితే, "ఆయన సినిమావాళ్లా సార్?" అన్నారు.

అనువాదానికి మనిషి దొరకలేదంటే, జిరాక్స్ ప్రతి నా దగ్గరుంది, నేనే మొదలుపెడతాను. నా తెలుగు దావా కాగితాల తెలుగు కాబట్టి, ఎవరైనా కూర్చుని దిద్దాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాది,
చిత్తూరు