నాన్నకు, బుల్లెట్ రిమ్ముల సంగతి

షార్జా

నాన్నా,

నేను బాగున్నాను, అమ్మతో కూడా చెప్పండి. ఎండ గురించి టెన్షన్ పడొద్దనండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎవరితోనూ ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు, పైగా మా గ్యారేజ్‌లో పనంతా షెడ్డు కిందే. పని మామూలే.

మొన్న ఫోన్‌లో మీరు సరిగా మాట్లాడలేదు. తమ్ముడు బుల్లెట్ రిమ్ములకు నల్ల స్ప్రే కొట్టిన దగ్గర్నుంచి వాడితో మాటలే మానేశారట, వాడు తిని లేచాకే మీరు అన్నానికి కూర్చుంటున్నారట. మీ కోపం నాకు తెలుసు నాన్నా. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి బట్టలు కూడా మార్చకుండా ఆ స్పోకులు ఒక్కొక్కటీ తుడిచేవారు, నేను నీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ని. కానీ వాడు పాడు చేద్దామని చేయలేదు. దోస్తుల బళ్లన్నిటికీ నల్ల చక్రాలున్నాయి, మన బండికీ ఉంటే బాగుంటుందనుకున్నాడు. మిమ్మల్ని అడక్కుండా చేయడం తప్పే, ఆ మాట వాడికి గట్టిగానే చెప్పాను.

అసలు సంగతి ఏంటంటే, క్రోమ్ ఎక్కడికీ పోలేదు. వాడు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. వాల్వ్ పక్కన గోటితో గీకిన చోట పెయింటు పొరలా లేచింది, కింద తళతళా మెరుస్తోంది. సాండ్ పేపర్ పట్టలేదు, ప్రైమర్ వేయలేదు, పెట్రోలు గుడ్డతో తుడిచి కొట్టేశాడంట. అదే మనకు కలిసొచ్చింది. క్రోమ్ అంత నున్నగా ఉంటే పెయింటుకు పట్టు దొరకదు, ఎంత కొట్టినా పైపైనే ఉంటుంది.

అందుకే రీప్లేటింగ్‌కి, అంటే కొత్తగా క్రోమ్ పూత వేయించడానికి, ఇవ్వొద్దు. స్పోకులన్నీ విప్పాలి, పాత పూతంతా తీసేస్తారు, మళ్లీ స్పోకులు బిగించి చక్రం వంకర లేకుండా చూసుకోవాలి, బాగున్న రిమ్ముకు ఆ తిప్పలన్నీ ఎందుకు చెప్పండి. మెకానిక్ చెప్పిన బాత్రూం యాసిడ్ అయితే దగ్గరికే రానివ్వకండి, అందులో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్రోమ్‌నే తినేస్తుంది. ఎమరీ పేపర్ కూడా వద్దు. ఇనుము సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, కానీ ఇది వేరు నాన్నా. పైనున్న క్రోమ్ మామూలుగా ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు, వెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. దాని కింద నికెల్, ఆ కింద ఉక్కు. ఆ పూత తెగేలా గీత పడిందంటే ఏ పాలిష్‌తోనూ పోదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఆ నల్ల పెయింటును థిన్నర్‌తో మెత్తబరిచి తుడిచేస్తే చాలు, అది తమ్ముడితోనే చేయించండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు. థిన్నర్ వాసన మీ ఆయాసానికి అస్సలు పడదు, మాస్క్ కట్టుకుంటాలే అంటారు, మామూలు మాస్క్ ఆ ఆవిరిని ఆపదు. మీరు గుమ్మం లోపల కుర్చీ వేసుకుని ఎలా చేయాలో చెప్పండి చాలు. చెప్పాలంటే వాడితో మాట్లాడక తప్పదు.

అమ్మ మోకాలికి ఇచ్చిన మందులు సరిగా వేసుకుంటోందా? బోనాలకు ఎందుకు రావట్లేదని అడిగింది. రావాలని లేక కాదు, వేసవిలో సగం మంది ఊళ్లకు పోతారు, మిగిలినవాళ్లకు సెలవు ఇవ్వరు. ఈసారి లష్కర్ బోనాలకు మహంకాళి గుడికి అమ్మని తమ్ముడే తీసుకెళ్తాడు, లైన్లో ఎక్కువసేపు నిలబెట్టకుండా చూసుకోమన్నాను. తిండి గురించి మళ్లీ మళ్లీ అడగొద్దనండి, రూమ్‌లో నిజామాబాద్ అన్న పప్పుచారు బాగా చేస్తాడు.

ఆఁ, రిమ్ములు. రాణిగంజ్‌లో పెయింట్ల షాపులో ఎన్‌సీ థిన్నర్ అడగమనండి, అసిటోన్ దొరికితే ఇంకా మంచిది. వాన లేని రోజు పొద్దున్నే వాకిట్లో, నీడలో పెట్టుకోవాలి. ముందు సబ్బునీళ్లతో మట్టంతా కడగాలి, ఇసుక రవ్వ గుడ్డలో చిక్కితే గీతలు పడేది దానివల్లే. టైర్‌కి, బ్రేక్ డ్రమ్‌కి, మడ్‌గార్డ్‌కి ప్లాస్టిక్ కవర్ కట్టి టేప్ వేయాలి. మడ్‌గార్డ్ మీద ఒక్క చుక్క పడినా బండికి కంపెనీ వేసిన పెయింటు పోతుంది. మొదట వాల్వ్ పక్కన కొంచెం చేసి చూడాలి. మా దగ్గరికి వచ్చే కార్లలో కొన్నిటికి క్రోమ్ మీద క్లియర్ కోట్, అంటే రంగులేని పూత, ఉంటుంది, దానికి థిన్నర్ తగిలితే మసకబారుతుంది. మీ రిమ్ము ఉక్కు మీద అసలు క్రోమ్, ఏమీ కాదు, అయినా చూసుకోవడం మంచిది.

గుడ్డ తడిపి నలుపు మీద పరిచి, ఆరిపోకుండా పైన పాలిథీన్ కప్పి ఐదు నిమిషాలు వదిలేయాలి. పెయింటు మెత్తబడ్డాక తుడవాలి, రుద్దకూడదు, గుడ్డ నల్లబడగానే మడత మార్చాలి, లేదంటే ఆ నలుపే మళ్లీ పూసినట్టవుతుంది. స్పోకులకు పాత బనియన్ పేలిక చుట్టి రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికినట్టు లాగాలి, నిపుల్స్ దగ్గర, అంటే స్పోకు రిమ్ముకు బిగించే నట్ల దగ్గర, పాత టూత్‌బ్రష్. ఎక్కడైనా మొండిగా ఉంటే నాలుగు సున్నాల (0000) అతి సన్నటి స్టీల్ ఊల్‌ని నూనెలో ముంచి మెల్లగా పట్టాలి, గిన్నెలు తోమే పీచు కాదు, వాడికి ఆ తేడా చూపించండి. తర్వాత సబ్బునీళ్లు, పొడిగుడ్డ, మైనం పాలిష్. వానాకాలం కదా, మైనం తప్పనిసరి.

ఆ చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయకూడదు, తులసికోట దగ్గర అగరొత్తి కూడా వెలిగించొద్దని అమ్మకు చెప్పండి. థిన్నర్ ఆవిరి నేలకు దగ్గరగా పాకుతుంది, కనబడదు. గుడ్డలు ఆరుబయట విడివిడిగా ఆరేసి తర్వాత పారేయాలి, మురిక్కాలవలో వద్దు. చేతులకు మందపాటి రబ్బరు గ్లోవ్స్ వేసుకోమనండి.

మొదట వెనక చక్రం ఒక్కటే చేయించి ఫొటో పంపమనండి, అది చూసి ముందు చక్రం సంగతి చెప్తాను. డబ్బులు ఒకటో తారీఖు తర్వాత వేస్తాను, థిన్నర్, మైనం ఖర్చు అందులోంచే తీయండి, వాడి పాకెట్ మనీలోంచి కోయకండి. మీకు రాత్రి తొమ్మిదైతే నాకు ఏడున్నర, ఆదివారం ఆ టైంకి ఫోన్ చేస్తాను, ఇద్దరూ ఇంట్లో ఉండండి.

మీ
పెద్దోడు