ఆ ఫొటోలో పడవ కవరు చూశారా?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాకముందే ఇంటా బయటా చక్కబెట్టుకోవాల్సిన పనుల మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను. పడవ గురించి రాసిన నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోయాను. దాన్ని లిఫ్ట్ (పడవను నీటికి పైన ఎత్తి ఉంచే అమరిక) మీదికి ఎక్కించి, కవరు కప్పి తాళ్లు బిగిస్తే ఇక చలి తగ్గేదాకా దాని ఊసే ఎత్తక్కర్లేదన్నట్టు రాశారు. పక్కనే ఒక ఫొటో వేశారు. నాకు చూపు కాస్త మందం, అందుకని భూతద్దం పెట్టి మరీ చూశాను. కవరు నడిమధ్యలో ఊయలలా దిగబడి ఉంది. ఆ దిగబడిన చోట ఆకాశం తెల్లగా మెరుస్తోంది, అంటే అప్పటికే నీళ్లు నిలిచాయన్నమాట. వెనకాల ఇంజను తల పైకెత్తుకుని ఉంది. చూస్తుంటే నాకు గుండె దడ మొదలైంది. ఎందుకంటే మూడేళ్ల కిందట మా పడవ కూడా అచ్చం అలాగే ఉండేది.

నేను ముప్పై ఏళ్లు లెక్కల టీచర్‌గా పనిచేశాను. పడవ మా ఆయన సరదా. ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు, వెనక బయటివైపు తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజను. ట్రైలర్ మీద ఎక్కించి దించడం ఆయన మోకాళ్లకు ఇక కుదరదని నాలుగు స్తంభాలు పాతించి కేబుల్ లిఫ్ట్ పెట్టించాం. లిఫ్ట్ మంచిదే, కాదనను. పడవ నీళ్లలో నానకుండా ఉంటుంది, అడుగున నాచు పట్టదు, అలలకు గట్టుకేసి కొట్టుకోదు. వేసవిలో బటన్ నొక్కితే దిగుతుంది, నొక్కితే ఎక్కుతుంది. ఆ సుఖానికి అలవాటు పడే, చలికాలం కూడా అంతేలే అనుకున్నాం.

ఆ ఏడాది కవరు వేయడానికి ఒక సర్వీసు మనిషిని పిలిచాం. అతను అంచులు బాగానే బిగించాడు గానీ మధ్యలో ఊతకర్ర పెట్టలేదు. పెట్టాలని మాకూ తెలియదు. పడవ అడుగున వెనక వైపు నీళ్లు పోవడానికి ఒక కంత ఉంటుంది, దానికి బొటనవేలంత ఇత్తడి ప్లగ్. అది తీసేద్దామా అని నేను అడిగాను. "తీస్తే ఆ కంతలోంచి ఎలుకలు దూరి సీట్లు కొరికేస్తాయి, ఉండనీ" అన్నారు మా ఆయన. నిజమే కాబోలనుకున్నాను. మర్నాడు మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లి ఐదు వారాలు ఉండిపోయాం.

ఆ ఐదు వారాల్లో వాన విడవకుండా కురిసింది. ఓ రోజు పొద్దున్నే పక్కింటాయన ఫోన్ చేసి, "మీ పడవ వెనక భాగం నీళ్లలో ఉందమ్మా, ముక్కు మాత్రం పైనే ఉంది" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. వచ్చి చూస్తే అర్థమైంది. కవరులో నిలిచిన నీటి బరువుకి అంచున ఉన్న బొత్తాలు ఊడిపోయి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి పడ్డాయి. తర్వాత కురిసిన వాన నేరుగా లోపలికే. ప్లగ్ బిగించి ఉంది కాబట్టి చుక్క బయటికి పోలేదు. నీళ్లన్నీ ఇంజను ఉన్న వెనక భాగానికే చేరాయి. వెనక కేబుల్ ఒకటి తెగింది. పడవ పక్కకి ఒరిగి, స్తంభానికి రాసుకుని, సగం వేలాడుతూ సగం మునిగి ఉంది.

మెకానిక్ కుర్రాడు వచ్చి, లోపల మోచేతి దాకా చెయ్యి పెట్టి, తడిమి తడిమి ఆ ప్లగ్ ఊడదీశాడు. తుడిచి మా ఆయన అరచేతిలో పెట్టి, "ఇది చలికాలమంతా మీ తాళాల గుత్తికి ఉండాల్సింది సార్" అన్నాడు. మా ఆయన ఏమీ అనలేదు. ఆ రోజంతా ఆయన ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, అంటే ఒక కిలో. ఇది ఎనిమిదో తరగతి లెక్క. మా పడవ పైభాగం సుమారు 12 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వానకు 120 కిలోలు. పది సెంటీమీటర్లు పడితే 1,200 కిలోలు. ఇంజను, పెట్రోలు అన్నీ కలిపి మా పడవ 1,300 కిలోలు. లిఫ్ట్ మోయగలిగింది 1,800. అంటే ఐదు సెంటీమీటర్ల వాన లోపల నిలిచిపోతే చాలు, లిఫ్ట్ దాని హద్దు దాటేసినట్టే. పైగా నీళ్లు పడవంతా సమంగా ఉండవు, పల్లానికి పోతాయి, కాబట్టి వెనక కేబుళ్ల మీద పడే బరువు ఇంకా ఎక్కువ. మూడు దశాబ్దాలు పిల్లలకు ట్యాంకులు నింపే లెక్కలు, ఖాళీ చేసే లెక్కలు చెప్పాను. ఇంటి ముందున్న ట్యాంకును మాత్రం చూసుకోలేదు.

అందుకే మీ వ్యాసంలో లేని మొదటి మాట ఇదీ: ప్లగ్ తీసేయాలి. తీసి, పడవ ముక్కు వెనక భాగం కంటే కాస్త ఎత్తుగా ఉండేలా లిఫ్ట్ మీద కూర్చోబెట్టాలి, అప్పుడే నీరు కంత వైపు నడుస్తుంది. ఎలుకల భయం ఉంటే కంతకు చిన్న ఇనుప జాలీ ముక్క పెట్టుకోవచ్చు. అయితే ఆకులు అడ్డం పడి జాలీ మూసుకుపోతుంది, అది వెళ్లి చూసుకోవాల్సిందే. ఆటోమేటిక్ పంపు ఉందిగా, నీళ్లు వస్తే అదే తోడేస్తుంది అంటారు కొందరు. ఆ పంపు నడిచేది బ్యాటరీ మీద. రెండు పెద్ద వానలకు బ్యాటరీ నీరసపడుతుంది, పంపు ఆగిపోతుంది. ఆ తర్వాత చలి వస్తుంది. నిండా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నాకు దిగువన 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. అదే ఖాళీ అయిన బ్యాటరీ అయితే సున్నాకు పది డిగ్రీల దిగువకే గడ్డకట్టి పగిలిపోవచ్చు. పంపును నమ్ముకుంటే పంపూ పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. మేమిప్పుడు బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటున్నాం.

కేబుల్ సంగతి కూడా చెప్పాలి. తెగిన ముక్క ఇప్పటికీ మా గ్యారేజీలో మేకుకు వేలాడుతోంది. పైకి చూస్తే గ్రీజు మెరుస్తూ కొత్తదానిలా ఉంటుంది. చివర విప్పి చూస్తే లోపలి తీగలు ఇటుక రంగులో ఉన్నాయి, గోటితో గీకితే పొడి రాలింది. పుల్లీ దగ్గర వంగే చోట, ఎప్పుడూ తడిగా ఉండే చోట ముందు పాడవుతుందట. మెకానిక్ కుర్రాడు ఒక చిట్కా చెప్పాడు. పడవను దించేసి, బరువు లేనప్పుడు, పాత గుడ్డ ఒకటి కేబుల్ చుట్టూ పట్టుకుని చివరి దాకా లాగాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగినట్టు. ఉత్తి చేత్తో మాత్రం వద్దు, చర్మం చీరుకుపోతుంది. అలాగే కేబుల్ చుట్టుకునే డ్రమ్ మీద చుట్టలు పక్కపక్కనే పడుతున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా అన్నది చూడాలి. మారిస్తే తెగిన ఒక్కటే కాదు, అన్నీ మార్చాలి, ఎందుకంటే మిగతావి కూడా అదే వయసువి. పక్కింటాయనది హైడ్రాలిక్ లిఫ్ట్, అంటే ద్రవం ఒత్తిడితో ఎత్తేది. దానికి కేబుల్ బెడద లేదు గానీ నెలల తరబడి బరువు మోస్తే మెల్లగా కిందికి జారుతుంది, అందుకని ఇనుప పిన్నులు వేసి లాక్ చేస్తాడు.

ఎంత ఎత్తున ఆపాలి అన్న దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. మరీ కింద ఉంచితే నీటిమట్టం పెరిగినప్పుడు పడవ లేచి తేలి, తగ్గినప్పుడు ఎక్కడపడితే అక్కడ కూర్చుంటుంది. మరీ పైన ఉంచితే గాలికి దొరుకుతుంది. మేం వరద గుర్తుకు కాస్త పైన ఆపి, నాలుగు మూలల నుంచి స్తంభాలకు తాళ్లు కడుతున్నాం. పని అయ్యాక లిఫ్ట్ కరెంటు మెయిన్ దగ్గరే ఆపేస్తాను, ఆ పని మాత్రం నాదే.

ఇంజను విషయంలో ఫొటోలో ఉన్నది పూర్తిగా తప్పు. ఔట్‌బోర్డ్ ఇంజను నిటారుగా కిందికి దించి ఉంచితే లోపలి నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. ఎత్తి ఉంచితే ఎక్కడో ఓ చోట నిలుస్తాయి. నీరు గడ్డకడితే దాని పరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది, ఆ పెరిగే నీటికి అల్యూమినియం అడ్డం కాదు. దించాక కింది కొస నీటిని తాకకుండా చూసుకోవాలి, అంతే. గేర్ ఆయిల్ చలికి ముందే మార్చాలి. కారే ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు దిగినట్టు, నీరు చొరకుండా ఆపే సీలు కొత్తది వేయించాకే చలికాలానికి వదలాలి. పడవ లోపలే ఇంజను ఉండే రకాలకు ఈ సదుపాయం లేదు. వాటిలో నీళ్లు పూర్తిగా తీసేసి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) ఎక్కించాలి. గులాబీ రంగులో వచ్చేది సాధారణంగా ప్రొపిలీన్ గ్లైకాల్. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. వసంతంలో ఇంజను స్టార్ట్ చేయగానే లోపలున్నదంతా నీళ్లలోకే పోతుంది కాబట్టి కొనేముందు డబ్బా మీద పేరు చదవండి.

ఇదంతా మా చోటు సంగతి. ఇక్కడ నీరు అంచుల్లో పలచగా గడ్డకడుతుంది, అదీ కొన్ని రోజులే. మా తమ్ముడు ఉండే చోట సరస్సు మొత్తం మనుషులు నడిచేంత గట్టిపడుతుంది. "అక్కా, అలాంటి చోట లిఫ్ట్ మీద పడవ ఉంచడం కాదు, లిఫ్ట్‌నే నీళ్లలో ఉంచకూడదు" అంటాడు వాడు. సరస్సు అడుగున కాళ్లతో నిలబడే వాళ్ల లిఫ్ట్‌ను ఏటా చలికి ముందే ఒడ్డుకు లాగేస్తారు. వాళ్ల పక్కవాళ్లు అడుగున పాతిన స్తంభాలు కదా, ఏమవుతుందిలే అని వదిలేశారట. మంచు స్తంభాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కింద నీటిమట్టం కాస్త పెరిగితే మంచు పలక మొత్తం లేస్తుంది, దాంతోపాటు స్తంభం కూడా వేలెడంత పైకి వస్తుంది. ఆ ఖాళీలోకి మట్టి జారుతుంది, ఇక కిందికి దిగదు. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ లేస్తుంది. చలి పోయేసరికి ఆ స్తంభాలు ఊగే పళ్లలా తలోవైపు వాలి ఉన్నాయని ఫొటో పంపాడు. ఇది చాలదన్నట్టు, మంచు కరిగి విడివడేటప్పుడు గాలికి కొట్టుకొచ్చే పలకలు అడ్డొచ్చినవాటిని ఒడ్డు మీదికి నెట్టేస్తాయి.

మంచు పట్టకుండా బుడగలు వదిలే యంత్రాలు ఉన్నాయి. అవి నీటిని వేడిచేయవు. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, అందుకే మంచు కింద, అడుగున ఆ కాస్త వెచ్చని నీరు నిలిచి ఉంటుంది. బుడగలు దాన్ని పైకి తెస్తాయి. స్తంభాలకు అవి పనికొస్తాయి గానీ, కరెంటు పోయిన రాత్రి ఎవరు చూస్తారు? పైగా మంచు మీద నడిచేవాళ్లకు అక్కడ గొయ్యి తవ్వినట్టే, హెచ్చరిక బోర్డు లేకుండా పెట్టడం నేరమంటాను నేను.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క. మా పాలసీలో చలికాలంలో పడవ ఒడ్డున ఉంటుందని ఒక షరతు ఉంది. లిఫ్ట్ మీద ఉంటే ఒడ్డున ఉన్నట్టా, నీళ్లలో ఉన్నట్టా అని ఆరు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి సగం ఇచ్చారు. ఆ షరతు చదవకుండా సంతకం పెట్టింది మేమే, వాళ్లను అనడానికి లేదు.

ఇప్పుడు మా కవరు కింద ముక్కు నుంచి వెనక దాకా ఒక దూలం ఉంది, కవరు ఇంటి కప్పులా రెండు వైపులా వాలి ఉంటుంది, గాలి ఆడటానికి రెండు చిన్న కంతలు కూడా పెట్టించాం. అయినా ప్రతి పెద్ద వాన తర్వాత ఇద్దరిలో ఒకరం గట్టు దాకా వెళ్లొస్తాం. ఊళ్లో లేకపోతే పక్కింటాయనకు చెప్పి వెళ్తాం. నిన్న రాత్రి కూడా వాన పడింది. పొద్దున వెళ్లి చూస్తే పడవ వెనక కంతలోంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. దూలం వేసినా ఎక్కడో కారుతోందన్నమాట, అది ఈ వారం వెతకాలి.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం, ఈ ఉత్తరం వేయకపోయినా నేనేమీ అనుకోను. ఒక్క పని మాత్రం దయచేసి చేయండి. ఆ ఫొటో తీసిన వారిని అడిగితే ఆ పడవ ఎవరిదో తెలుస్తుంది. వాళ్లకు ఫోన్ చేసి, కవరు మీది నీళ్లు తోడేసి ఇంజను కిందికి దించమని, ప్లగ్ ఉందో తీశారో చూసుకోమని చెప్పండి. నీళ్లు నిండి ఉండగా లిఫ్ట్ మోటారు మాత్రం ఆన్ చేయొద్దనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ లెక్కల టీచర్