హెల్మెట్‌కు ఇచ్చిన చోటు బూట్లకూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో బైకు నడిపేవారి జాగ్రత్తల మీద వచ్చిన వ్యాసం చదివాను. హెల్మెట్ ఎలా ఎంచుకోవాలో వివరంగా రాశారు, సంతోషం. జాకెట్టుకు ఒక పేరా, గ్లవ్స్‌కు ఒక పేరా ఇచ్చారు. కాళ్ల దగ్గరికొచ్చేసరికి ‘మంచి బూట్లు వేసుకోవాలి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. మంచి బూట్లంటే ఏవో ఎక్కడా లేదు. నేను ఫిజియోథెరపిస్టును, రోజూ బైకు మీదే పనికి వెళ్తాను. ఆ ఒక్క ముక్క ఎవరికి చాలదో వాళ్లను దగ్గర నుంచి చూస్తుంటాను కనుక ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సివస్తోంది.

తలకు తగిలితే ప్రాణానికే ముప్పు కాబట్టి హెల్మెట్‌దే మొదటి స్థానం, అందులో పేచీ లేదు. హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ 1941లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో తల గాయాల గురించి రాసి, హెల్మెట్ ఎంత ముఖ్యమో గట్టిగా చెప్పారు. పాదాల తరఫున అంత గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ. ప్రాణం దక్కిన ప్రమాదాల్లో మాత్రం ఎక్కువగా దెబ్బ తినేవి కాళ్లే.

చీలమండకు రెండు పక్కలా గుండ్రంగా పొడుచుకొచ్చే ఎముకల్ని ఒకసారి తడిమి చూడండి. వాటి మీద కండ ఉండదు, చర్మం ఒక్కటే. రోడ్డు మీద గీసుకుపోతే ఆ చర్మం ఎంతసేపో నిలవదు. ఇక బండి పక్కకు పడినప్పుడు పాదం కింద ఇరుక్కుంటుంది, ఒళ్లు మాత్రం ముందుకు తూలుతుంది. ఆ మెలికకు కీలు తట్టుకోలేదు. దీనికి వేగం కూడా అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక లెక్చరర్ ఇసుక పడి ఉన్న మలుపులో, దాదాపు ఆగిపోతున్న వేగంలో పడ్డారు. కాళ్లకు గుడ్డ షూ ఉన్నాయి. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, ఎముక చక్కగా అతుక్కుంది. కీలే వంగలేదు. ఇలాంటివారిని గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ పైకి లేపకుండా మోకాలిని గోడకు తాకించమంటాం. ఆరోగ్యంగా ఉన్న కాలైతే బొటనవేలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నా మోకాలు తాకుతుంది. ఆయన వేలిని గోడకు ఆనించి పెట్టినా మోకాలు అందలేదు. మెట్లు ఎక్కేవారు గానీ దిగలేకపోయేవారు. పక్కకు తిరిగి, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే కింద నుంచి పైకి వచ్చేవాళ్లు ఆగి దారి ఇచ్చేవారు. ఆ ఆగడమే ఆయనకు కీలు నొప్పి కన్నా ఎక్కువ బాధగా ఉండేది.

ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన మోటార్‌సైకిలిస్టుల మీద చేసిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. మామూలు షూ వేసుకున్నవారికన్నా చీలమండను కప్పే బూట్లు వేసుకున్నవారికి పాదాల గాయాలు తక్కువని అందులో తేలింది. బైకు కోసం ప్రత్యేకంగా చేయని ఎత్తు బూట్లు సైతం కొంత మేలు చేశాయి. కాబట్టి ఖరీదైనవి కొనలేనివారు చెప్పులతోనే కానిచ్చేయాల్సిన అవసరం లేదు.

కొనగలిగినవారికి బైకు బూట్లకంటూ యూరప్ ప్రమాణం ఒకటి ఉంది, ఈఎన్ 13634. బూటు లోపల లేబుల్ మీద మోటార్‌సైకిలిస్టు బొమ్మ, దాని దగ్గర నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కో అంకె ఒకటో రెండో అయి ఉంటుంది, రెండు మెరుగు. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడికి ఓర్చుకోవడం, మూడోది కోతకు ఓర్చుకోవడం. నాలుగోది నాకు చాలా ముఖ్యమైనది: పక్కల నుంచి నొక్కుడు పడినప్పుడు సోలు ఎంత బిగువుగా నిలుస్తుందన్నది. ఇవి కాక ఐపీఏ అని ఉంటే చీలమండకు, ఐపీఎస్ అని ఉంటే ముంగాలి ఎముకకు దెబ్బను ఆపే ప్యాడ్ ఉన్నట్టు. డబ్ల్యూఆర్ అంటే నీటిని ఆపుతుందని. ఈ లేబులే లేకపోతే పెట్టె మీద ‘రైడింగ్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది పేరు మాత్రమే. ఈమధ్య బకిల్సూ, గేర్ లివర్ తగిలే చోట ప్యాడూ కుట్టిన ఫ్యాషన్ బూట్లు చాలా వస్తున్నాయి.

లేబుల్ చూశాక చేతులతో పరీక్షించండి. పాదం వెడల్పుగా ఉండే చోట సోలును రెండు పక్కల నుంచి అరచేతులతో గట్టిగా నొక్కండి. గొట్టంలా ముడుచుకుపోయే బూటు అక్కడే వదిలేయండి. మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. లోపల వేళ్లు పెట్టి చీలమండ ప్యాడ్ బయటి వైపే ఉందా, లోపలి వైపూ ఉందా తడిమి చూడండి. చివరగా బూటు తొడిగి పూర్తిగా బిగించుకుని కుర్చీలో కూర్చోండి. తోడు వచ్చినవారిని మడమ పట్టుకుని లాగమనండి. వాళ్ల చేతిలోకి ఊడివచ్చే బూటు రోడ్డు మీదా ఊడిపోతుంది.

ఫ్యాక్టరీలో వేసుకునే సేఫ్టీ షూ చాలదా అని చాలామంది అడుగుతారు. దాని ముందరి తొడుగును 200 జౌళ్ల దెబ్బతో పరీక్షిస్తారు, అంటే ఇంచుమించు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. పై నుంచి బరువు పడే చోటికి అది సరైనదే. బైకు మీద పాదానికి వచ్చే ముప్పు ఎక్కువగా పక్క నుంచీ, మెలిక నుంచీ వస్తుంది. పైగా ఆ మందపాటి ముందుభాగం చాలా బళ్లలో గేర్ లివర్ కింద దూరదు. చెప్పుల కన్నా నయమే, కానీ బైకు బూటుకు సాటి కాదు.

ఇక సౌకర్యం. బాగా కాపాడే బూటు ఎలాగూ బాధపెడుతుందని జనం అనుకుంటారు, అమ్మేవాళ్లూ అలాగే చెబుతారు. నేను ఒప్పుకోను. నొప్పి పెట్టే బూటు ఇంట్లో తలుపు వెనకే ఉండిపోతుంది. దూర ప్రయాణానికి తొడిగి, పక్కవీధికి చెప్పులతో వెళ్తారు. పడేది ఆ పక్కవీధిలోనూ కావచ్చు. లేబుల్ మీద అన్నీ రెండ్లే ఉండి కాలిని కోసే బూటూ, ఒకటీ రెండూ కలిసి ఉన్నా రోజంతా తొడుక్కోగలిగే బూటూ ఎదురుగా ఉంటే, రోజూ బైకు నడిపేవారిని రెండోదే కొనమంటాను.

సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే వెళ్లండి, బైకు మీద వేసుకునే సాక్సే తీసుకెళ్లండి. సైజు నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. నిలబడి రెండు పాదాల పొడవూ కొలుచుకుని పెద్దదానికి సరిపడేది చూడండి. వేళ్లు ముందు గోడను తాకకుండా ఆడాలి. తోలు వాడగా వాడగా వెడల్పుకు సాగుతుంది గానీ పొడవుకు సాగదు. దుకాణంలో అందరం అటూ ఇటూ నడిచి చూస్తాం, బైకు మీద మాత్రం కూర్చుంటాం. వీలుంటే మీ బండి మీద కూర్చుని చూడండి. మోకాలు వంచినప్పుడు బూటు పై అంచు ముంగాలి మీద గుచ్చుకుంటోందా? ఎడమకాలి వేళ్లు గేర్ లివర్ కిందికి సులువుగా వెళ్తున్నాయా? లేకపోతే లివర్ ఎత్తును మెకానిక్ చేత సరిచేయించుకోవచ్చు. కొత్త సోలు మందంగా ఉంటే వెనక బ్రేకు ఎంత నొక్కుతున్నామో పాదానికి తెలియదు, ఖాళీ స్థలంలో అలవాటు చేసుకున్నాకే రద్దీలోకి వెళ్లండి. లేసులున్న బూట్లయితే ముడులు లోపలికి దోపేయండి. లేసు ఫుట్‌రెస్ట్‌కు చిక్కుకుంటే ఆగినప్పుడు కాలు కిందికి రాదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మగవారి సైజుల్లో అతి చిన్నది కూడా నాలాంటివారి పాదాలకు పెద్దదే. లోపల మందపాటి ఇన్‌సోల్ వేసుకోమంటారు. అలా చేస్తే పాదం పైకి జరుగుతుంది, చీలమండ ప్యాడ్ కాస్తా ఎముక కిందికి పోతుంది. ఉండాల్సిన చోట లేని ప్యాడ్ ఎందుకు? లేడీస్ మోడల్ అని చూపించే వాటిలో కొన్నింటికి సన్నని ఎత్తు మడమ, చేత్తో వంగిపోయే సోలు ఉంటాయి. బండి ఆపినప్పుడు బరువంతా మోసే కాలికి అలాంటి మడమ పెట్టడం నాకు ఏమాత్రం మింగుడుపడదు. తయారీదారులు మా పాదాలకు, మా పిక్కలకు సరిపడా అచ్చులు చేయాలి. రంగు మార్చినంత మాత్రాన సరిపోదు.

ఎండలో ఎక్కువగా తిరిగేవారికి నీరు చొరని పొర ఉన్న బూట్లలో పాదాలు ఉడికిపోయి, వేళ్ల మధ్య చర్మం ఒరుస్తుంది. వారికి సన్నని రంధ్రాలున్నవి మేలు. వానలో ప్యాంటు బూటు పై నుంచి రావాలి, లేదంటే నీళ్లన్నీ లోపలికే. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. వేడి తగిలితే తోలు పగులుతుంది, సోలు జిగురు ఊడుతుంది.

వెనక కూర్చునేవారిని అందరం మరిచిపోతాం. వారి పాదాల పక్కనే తిరిగే చక్రం, కాలే సైలెన్సర్ ఉంటాయి. చిన్నపిల్లల మడమ చక్రం ఊచల్లో పడి నలిగిన కేసులు ఆసుపత్రుల్లో కొత్త కాదు. కనీసం మడమను, చీలమండను కప్పే గట్టి బూటు లేకుండా పిల్లలను బండెక్కించొద్దు.

మీరు ఇకపై బూట్ల గురించి రాసినప్పుడు ఆ నాలుగు అంకెలనూ, బరువునూ, దొరికే అతి చిన్న సైజునూ తప్పకుండా ఇవ్వండి. ఆ పేజీలో వేసే ఫొటోల్లో హెల్మెట్ పెట్టుకున్నవారి కాళ్లకు కూడా బూట్లు ఉండేలా చూడండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ఫిజియోథెరపిస్టు