స్వింగ్ నృత్యానికి జాజ్ రికార్డులు: ముందు చూడవలసింది ధ్వనిముద్రణ తేదీ

సంపాదకుల వారికి నమస్కారాలు.

జాజ్ సంగీతపు పాత ఆల్బమ్‌లను కొత్తగా సేకరించబోయేవారి కోసం మీ ఆదివారం సంచికలో వెలువడిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. తీరికగా కూర్చుని వినేవారికి అందులోని జాబితా మంచి దారి చూపుతుంది. కానీ ఆ ఆల్బమ్‌లే స్వింగ్ నృత్యం చేసేవారికీ సరిపోతాయని వ్యాసకర్త చివర్లో అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఆ జాబితాలో అన్నిటికన్నా పాతది 1950ల రెండో సగానికి చెందినది. లిండీ హాప్ అనే జంట స్వింగ్ నృత్యాన్ని ఆడినవారు ఏ సంగీతాన్ని వింటూ తమ అడుగులను మలచుకున్నారో, అది అంతకు ఇరవై ఏళ్ళ ముందే రికార్డయింది. నృత్యం కోసం సేకరణ మొదలుపెట్టేవారు ఆల్బమ్ పేరునూ అట్ట మీది బొమ్మనూ పక్కన పెట్టి, అందులోని ప్రతి రచనా ఏ సంవత్సరంలో, ఏ బృందంతో రికార్డయిందో ముందుగా చూడాలన్నది నా అభిప్రాయం. దానికి కారణాలను వివరించడానికే ఈ లేఖ.

న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో, లెనాక్స్ ఎవెన్యూ మీద 140, 141 వీధుల మధ్య, సవాయ్ బాల్‌రూమ్ అనే నృత్యశాల 1926 మార్చి 12న తెరుచుకుంది. నల్లవారూ తెల్లవారూ ఒకే చోట కలిసి నర్తించడం అమెరికాలో అరుదైన ఆ రోజుల్లో సవాయ్ తలుపులు ఇద్దరికీ తెరిచే ఉండేవి. లోపల రెండు వాద్యవేదికలు ఉండేవి కనుక, ఒక బృందం విశ్రమించగానే రెండోది అందుకునేది. సంగీతం ఆగేది కాదు. వాద్యకారులు నర్తకుల పాదాలను చూస్తూ వాయించేవారు, నర్తకులు వాద్యకారులను రెచ్చగొడుతూ ఆడేవారు. ఫ్రాంకీ మానింగ్ 1935లో తన భాగస్వామిని వీపు మీదుగా గాలిలోకి తిప్పి దించిన ఘట్టం లిండీ హాప్ చరిత్రలో నిలిచిపోయింది. ఆయనా, నార్మా మిల్లరూ, వారి తోటి నర్తకులూ ఆ నృత్యశాలలోనే ఎదిగారు. అక్కడి ఆస్థాన బృందానికి నాయకుడు డ్రమ్మర్ చిక్ వెబ్. 1937 మే 11న దేశమంతటా పేరు మోగిపోతున్న బెన్నీ గుడ్‌మన్ బృందం అతనితో పోటీకి దిగితే, అక్కడి జనం గెలుపును వెబ్‌కే కట్టబెట్టారు. ఏ బృందం బాగా వాయిస్తోందో తేల్చినవారు విమర్శకులు కారు, నర్తకులే. అందువల్ల 1930ల నడుమ నుంచి 1942 దాకా ఈ బృందాలు చేసిన రికార్డుల్లో ఆ నర్తకుల తీర్పు కూడా ఇమిడి ఉందని నేను నమ్ముతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఈ బంధం సడలింది. 1944లో అమెరికా ప్రభుత్వం నృత్యానికి చోటిచ్చే క్లబ్బుల ఆదాయంపై 30 శాతం పన్ను వేసి, అదే ఏడాది దాన్ని 20 శాతానికి తగ్గించింది. అయినా ఆ భారాన్ని తప్పించుకోవడానికి చాలా చోట్ల నృత్యం మానిపించి కేవలం వాద్యసంగీతం పెట్టారు. పెద్ద బృందాలు విడిపోయాయి, జాజ్ క్రమంగా కూర్చుని వినే కళగా మారింది. ఆ తరువాతి సంగీతం గొప్పతనాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయడం లేదు. అది వేరే శ్రోతల కోసం వాయించినదని మాత్రమే చెబుతున్నాను.

ఇక ఆల్బమ్ సంగతి. స్వింగ్ యుగంలో సంగీతం ప్రధానంగా 10 అంగుళాల లక్క రికార్డుల మీద, నిమిషానికి 78 చుట్ల వేగంతో, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల చొప్పున జనానికి చేరింది. (ఆ లక్కలో అధిక భాగం భారతదేశం నుంచే వెళ్ళేదన్న సంగతి మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు.) కొలంబియా సంస్థ ఎక్కువ నిడివి పట్టే లాంగ్ ప్లే (ఎల్.పి.) రికార్డును విడుదల చేసింది 1948లో. అంటే చిక్ వెబ్ పేరుతోనో అప్పటి మరో బృంద నాయకుడు జిమ్మీ లన్స్‌ఫోర్డ్ పేరుతోనో నేడు దొరికే ఎల్.పి. గాని, సీడీ గాని, ఎవరో తరువాత ఏరి కూర్చిన సంకలనమే తప్ప ఆ బృందం తానుగా రూపొందించిన ఆల్బమ్ కాదు. ఏరినవారి అభిరుచి మంచిదైతే సంకలనం మంచిది. తేదీలు చెప్పకుండా పదేళ్ళ రికార్డులను కలగలిపేస్తే, కొన్నవారికి చేతికి వచ్చింది ఏమిటో కూడా తెలియదు. ఆ మూడు నిమిషాల నిడివి నర్తకులకు ఒక వరమని కూడా చెప్పాలి. జంటగా ఆడే నృత్యానికి అది చక్కగా అమరుతుంది; ఎల్.పి. కాలంలో ఏడెనిమిది నిమిషాలు సాగదీసిన రచనలకు ఆడితే ఇద్దరికీ ఊపిరి ఆడదు, కొత్తగా పరిచయమైన భాగస్వామితోనైతే మరీ కష్టం.

ఒకే పేరుతో ఎన్నో రికార్డులు ఉండడం మరో చిక్కు. ‘స్టాంపిన్ ఎట్ ద సవాయ్’ను ఎడ్గర్ శాంప్సన్ స్వరపరచగా చిక్ వెబ్ బృందం 1934లో రికార్డు చేసింది, గుడ్‌మన్ రికార్డు 1936 నాటిది. మొదటిది చురుకుగా పరుగెత్తుతుంది, రెండోది తీరికగా నడుస్తుంది, కాబట్టి ఒకదాన్ని మనసులో పెట్టుకుని మరొకదాన్ని కొన్నవారు నృత్యశాలలో ఇబ్బంది పడతారు. ‘టక్సీడో జంక్షన్’ అనగానే చాలామందికి 1940లో గ్లెన్ మిల్లర్ విడుదల చేసిన రికార్డు గుర్తుకు వస్తుంది. కానీ దాన్ని సృష్టించి 1939లో ముందుగా రికార్డు చేసింది సవాయ్‌లోనే వాయిస్తూ వచ్చిన ఎర్స్‌కిన్ హాకిన్స్ బృందం. అమ్మకాల లెక్కను బట్టి కూర్చిన సంకలనాల్లో ఇలా హార్లెమ్ బృందాలు వెనక్కి జరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇది చాలదన్నట్టు, 1950లలో హై ఫిడెలిటీ, అంటే మెరుగైన శబ్ద నాణ్యత, పేరుతో పలువురు నాయకులు తమ పాత విజయాలను కొత్త వాద్యకారులతో మళ్ళీ రికార్డు చేశారు. వాటిలో కొన్ని ఆడుకోవడానికి బాగుంటాయి కూడా. అయినా అట్ట మీద పాత పేర్లే ఉంటాయి కనుక లోపలి వివరాలు చదవక తప్పదు. 1960లలో పాత మోనో రికార్డులను కృత్రిమంగా స్టీరియోగా మార్చి విడుదల చేసిన ఎల్.పి.లు మరో రకం. వాటిలో శబ్దం పలచబడి, లయ మసకబారుతుంది. వాటిని ఎంత చవకగా దొరికినా కొనవద్దని నా సలహా.

నృత్యానికి రికార్డును ఎంచేటప్పుడు ట్రంపెట్, శాక్సోఫోన్‌ల కన్నా ముందు రిథమ్ సెక్షన్‌ను, అంటే లయను నడిపే వాద్యాలను, వినాలి. కౌంట్ బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్, వాల్టర్ పేజ్ బేస్, జో జోన్స్ డ్రమ్స్, వాటి మధ్య అవసరమైన చోట మాత్రమే రెండు స్వరాలు చిలకరించే బేసీ పియానో: ఈ నలుగురూ నాలుగు బీట్లనూ సమానంగా, బరువు లేకుండా ముందుకు నడిపిస్తారు. జోన్స్ కాలప్రమాణాన్ని పెద్ద డ్రమ్ మోత నుంచి కాలితో మోగించే జంట తాళాలైన హై-హ్యాట్ మీదికి మళ్ళించడం వల్లనే ఆ నడక అంత తేలికయింది. గ్రీన్ చేరింది 1937లో. ఆ ఏడాది మొదలు 1939 ఆరంభం వరకు డెక్కా సంస్థకు బేసీ చేసిన రికార్డులు నా దృష్టిలో ఏ నర్తకుడి సేకరణకైనా మొదటి పునాది. ఇరవై నాలుగు రచనలకు మొత్తం 750 డాలర్లు ఇచ్చి, రాయల్టీ అన్నదే లేకుండా ఆ ఒప్పందం చేయించుకున్నారన్నది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

వేగాన్ని కొలిచి రాసుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. పదిహేను సెకన్లలో వచ్చే బీట్లను లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. సాధారణంగా నిమిషానికి 120 నుంచి 180 బీట్ల వరకు లిండీ హాప్‌కు సుఖంగా ఉంటుంది. 200 దాటితే అనుభవజ్ఞులకు తప్ప సాగదు, అయితే దక్షిణ కాలిఫోర్నియాలో కిక్కిరిసిన హాళ్ళలో పుట్టిన బాల్బోవా నృత్యానికి ఆ వేగమే ఇష్టం. సేకరణ అంతా ఒకే వేగంలో ఉంటే అది సేకరణ అనిపించుకోదు. కొత్తవారికి పెద్ద బృందాల కన్నా చిన్న బృందాలు తేలికగా అర్థమవుతాయి: 1934 నుంచి ఫాట్స్ వాలర్ తన ఆరుగురి బృందంతో చేసినవీ, 1937 నుంచి లయొనెల్ హాంప్టన్ విక్టర్ సంస్థకు చేసినవీ వెతికి తెచ్చుకోదగినవి. కాన్సాస్ సిటీకి చెందిన ఆండీ కర్క్ బృందంలో మేరీ లూ విలియమ్స్ పియానోనూ, బృందం కోసం ఆమె రాసిన వాద్య అమరికలనూ వినకుండా ఎవరూ ఉండకూడదని కోరుకుంటాను. షిమ్ షామ్ అనే నృత్యం ఆడేవారికి లన్స్‌ఫోర్డ్ బృందం 1939లో చేసిన ‘టెయింట్ వాట్ యూ డూ’ ఉండి తీరాలి. అదే ఏడాది ఎల్లా ఫిట్జెరాల్డ్ చిక్ వెబ్‌తో కలిసి పాడిన రూపమూ ఉంది. కొనే ముందు రెంటినీ వేరుగా గుర్తించాలి.

1942 ఆగస్టు 1న అమెరికా వాద్యకారుల సంఘం రాయల్టీల కోసం ధ్వనిముద్రణలను బహిష్కరించింది. డెక్కా 1943లోనూ, విక్టర్, కొలంబియాలు 1944 నవంబరులోనూ రాజీకి వచ్చాయి. ఈ కాలపు పెద్ద బృందాల సంగీతం స్టూడియో రికార్డుల్లో దాదాపు కనిపించదు, దీన్ని ఎరగని సేకర్త తన అరలో ఖాళీ ఎందుకుందో తెలియక తికమకపడతాడు. ఆ ఖాళీని కొంతవరకు పూరించేవి రేడియో ప్రసారాల నుంచి దాచినవీ, 1943 నుంచి 1949 వరకు అమెరికా సైనికుల కోసం తయారైన వి-డిస్కులూ. అవి 12 అంగుళాలవి కావడం వల్ల రచనలు కొంత నిడివిగా, స్వేచ్ఛగా సాగుతాయి. ప్రత్యక్ష ధ్వనిముద్రణల్లో నాకు అన్నిటికన్నా ఆత్మీయమైనది బహిష్కరణకు ముందుది. 1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గోలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం ఒక డ్యాన్స్ హాలులో వాయిస్తుండగా, జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు యువకులు వెంట తెచ్చుకున్న యంత్రంతో దాన్ని డిస్కుల మీదికి ఎక్కించారు. జిమ్మీ బ్లాంటన్ బేస్, బెన్ వెబ్‌స్టర్ శాక్సోఫోన్ ఉన్న ఆ బృందం కచేరీ శ్రోతల కోసం కాక, మామూలు రాత్రి మామూలు నర్తకుల కోసం ఎలా వాయించేదో అందులో వినవచ్చు. వ్యాసకర్త జాబితాలో ఎలింగ్టన్ పేరు ఉండి ఫార్గో లేకపోవడమే నన్ను ఈ లేఖకు పురికొల్పింది.

1950లను పూర్తిగా వదిలేయమని నేను అనడం లేదు. బేసీ కొత్త బృందం 1955, 56లలో రికార్డు చేసిన ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ ఆల్బమ్‌లోని ‘షైనీ స్టాకింగ్స్’ ప్రపంచమంతటా నర్తకులకు ప్రాణం. శబ్దం స్పష్టం, నడక నిదానం, నేర్చుకునేవారికి ఎంతో అనుకూలం. ముందు పాతవి విని, వాటి నడక ఒంటికి పట్టాక ఇటువంటివి చేర్చుకుంటే రెంటి మధ్య తేడా కాళ్ళకే తెలుస్తుంది.

అసలైన లక్క రికార్డులు సేకరించేవారికి ఒకటి రెండు జాగ్రత్తలు చెప్పాలి. వాటి గాడి ఎల్.పి. గాడి కన్నా చాలా వెడల్పు, కనుక 78లకు తగిన ముల్లు వేరే కావాలి, ఎల్.పి. ముల్లుతో వాయిస్తే అది గాడి అడుగున ఈడ్చుకుంటూ రొద మాత్రమే వినిపిస్తుంది. ఆల్కహాల్ కలిసిన ద్రవంతో తుడిస్తే లక్క కరిగిపోతుంది. కింద పడితే పగిలిపోతుంది కాబట్టి వాటిని నృత్యశాలకు తీసుకువెళ్ళకుండా ఇంట్లో నిలువుగా భద్రపరచి, హాలులో మంచి పునర్ముద్రణలను వాడడం ఉత్తమం. పునర్ముద్రణల్లోనూ తారతమ్యాలున్నాయి. ఐరోపా చట్టాల ప్రకారం ఈ రికార్డుల మీద హక్కుల గడువు ముగిసిపోవడం వల్ల అక్కడ చవక సంకలనాలు కుప్పలుగా వెలువడ్డాయి; అమెరికాలో మాత్రం 1923, 1946 మధ్య వెలువడిన రికార్డులకు నూరేళ్ళ రక్షణ ఉంది. చవక సంకలనాల్లో కొన్ని ఎక్కడి ప్రతి నుంచి తీశారో చెప్పవు, గీతల శబ్దం తొలగించే ప్రయత్నంలో హై-హ్యాట్ మోతనూ తుడిచేస్తాయి. హై-హ్యాట్ పోయిన రికార్డు నర్తకుడికి ఎందుకూ కొరగాదు. జాన్ ఆర్.టి. డేవిస్ వంటి నిపుణులు చేతిచలవతో సిద్ధం చేసినవీ, మొజాయిక్ సంస్థ తేదీలతో, వాద్యకారుల పేర్లతో సహా వెలువరించినవీ ఖరీదు ఎక్కువైనా తగినవి.

చివరిగా మీకు ఒక మనవి. ఇకపై మీ సంగీత పుటల్లో ఏ పాత జాజ్ ఆల్బమ్‌ను పరిచయం చేసినా, దాని విడుదల సంవత్సరంతో పాటు అందులోని రచనలు రికార్డయిన సంవత్సరాలనూ, బృంద నాయకుడి పేరుతో పాటు బేస్, డ్రమ్స్, గిటార్ వాయించినవారి పేర్లనూ ముద్రించవలసిందిగా కోరుతున్నాను. వ్యాసకర్తకు అభ్యంతరం లేకపోతే, 1942కు ముందు రికార్డయిన స్వింగ్ సంగీతానికి మాత్రమే పరిమితమైన రెండో జాబితాను కూడా ఆయన చేతనే రాయించి ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు