సంగం పద్యం వేసినప్పుడు, పలికిందెవరో కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన తమిళ స్త్రీ గురించి మార్చి 8న పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఆమెను దేవతనైనా చేస్తాయి, బానిసనైనా చేస్తాయి. రెండు పక్షాలూ సాక్ష్యానికి లాగే పద్యం, సంగం సాహిత్యమనే ప్రాచీన తమిళ పద్యాల్లో ఒక సంకలనమైన పురనానూరులోని 246వది.

భర్త, పాండ్యరాజు భూతపాండ్యుడు పోయాక రాణి పెరుంగోప్పెండు చితి దగ్గర నిలబడి పలికిన పద్యమిది. 'పెద్దలారా' అన్న పిలుపుతో మొదలవుతుంది. ఆ పెద్దలు చితి ఎక్కమనడం లేదు, వద్దని ఆపుతున్నారు. ఆమె వాళ్ల మీదే మండిపడి, ఆగిపోతే తనకు దక్కే బతుకేమిటో చెబుతుంది: నెయ్యి తగలని, చేత్తో పిండిన అన్నం ముద్ద, తెల్లనువ్వుల ముద్ద, చింతపండు వేసి ఉడికించిన వామింటాకు. చాపైనా లేకుండా గులకరాళ్ల మీద పడక. ఆ తర్వాతే, నాకు తామరకొలనైనా నిప్పయినా ఒకటే అంటుంది. వ్యాసాల్లో ఈ చివరి మాట ఉంటుంది, ఆ కూడు ఉండదు. వితంతువుకి ఏం పెట్టేవారో తీసేశాక మిగిలేది పతిభక్తి ఒక్కటే. పద్యం చెప్పింది మాత్రం అది కాదు.

ఇంకో పొరపాటు, ఎవరి గొంతో చూడకపోవడం. అహం పద్యాల్లో, అంటే ప్రేమ పద్యాల్లో, మాట్లాడేది పాత్ర: తలైవి (నాయిక), చెలికత్తె, పెంచిన తల్లి, పరత్తై (వేశ్య). కురుంతొకై అనే అహం సంకలనంలోని 8వ పద్యంలో తలైవుణ్ణి (నాయకుణ్ణి) పరత్తై ఎద్దేవా చేస్తుంది. తన దగ్గర గొప్పలు పోయి, ఇంటికెళ్లాక కొడుకు తల్లి (భార్య) ముందు అద్దంలో బొమ్మలా చెయ్యెత్తితే చెయ్యి, కాలెత్తితే కాలు ఎత్తుతాడట. గొంతు ఆడదే, రాసింది ఆలంగుడి వంగనార్ అనే మగకవి. కురుంతొకై 28 కవయిత్రి అవ్వైయార్‌ది. నా బాధ తెలియక నిద్రపోతున్న ఈ ఊరిని ఢీకొట్టనా, కొట్టనా, ఓ అని అరవనా అంటుంది తలైవి. భయం, సిగ్గు, అమాయకత్వం ఆడవాళ్ల సహజగుణాలన్న తొల్కాప్పియం (ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం) సూత్రం పక్కన ఈ పద్యం పెట్టి చూడండి. సూత్రం వేరు, కవులు రాసింది వేరు.

పేర్ల చివర ఉండే 'ఆర్' గౌరవ ప్రత్యయం. దాన్నిబట్టి కవి ఆడో మగో తెలియదు. వెన్ని కుయత్తియార్ అని మాత్రమే వేస్తే, ఆమె వెన్ని ఊరి కుమ్మరి స్త్రీ అని తెలుగు పాఠకుడికి ఎలా తెలుస్తుంది? యుద్ధం గెలిచిన చోళరాజు కరికాలుడి ముఖం మీదే, వీపున తగిలిన గాయానికి సిగ్గుపడి ఉత్తరముఖంగా కూర్చుని ప్రాణం విడిచిన నీ శత్రువే నీకంటే మంచివాడు కదా అని అడిగింది (పురనానూరు 66). అలాంటి కవయిత్రిని మగవాడిగా చదివేసుకుంటే ఎంత నష్టం!

శిలప్పదికారం కావ్య నాయిక కణ్ణగినీ, భర్తకు మొక్కి లేచే ఇల్లాలు కురవమంటే వాన కురుస్తుందన్న తిరుక్కురళ్ 55నూ 'సంగకాలం' అని వీటితో కలిపేయకండి. అవి ఈ సంకలనాల తర్వాతివని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

నేను అడిగేది పద్యం కింద ఒక్క వరుస. సంకలనం, సంఖ్య, కవి, పలికే పాత్ర. ఉదాహరణకి: కురుంతొకై 28, అవ్వైయార్ (కవయిత్రి), పలికేది తలైవి.

ఒక పాఠకురాలు,
చిత్తూరు