జామీను కోసం విధవరాలు ఎంతమంది గుమ్మాలు ఎక్కాలి?

సంపాదకులు గారికి,

మనిషి పోయాక ఆయన పేరున ఉన్న డబ్బు ఇంటివాళ్ల చేతికి రావాలంటే అన్నిటికన్నా విసిగించేది జామీను. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి చక్కబెట్టడానికి కోర్టు ఇచ్చే అధికారపత్రం, అంటే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తీసుకుంటే, 1925 నాటి భారత వారసత్వ చట్టం 291వ సెక్షన్ ప్రకారం జిల్లా జడ్జికి బాండు రాసివ్వాలి, దాని మీద కనీసం ఒక జామీనుదారు ఉండాలి. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా (దాన్ని అమలు చేసేవాడిగా) పేరున్నా సరే, పోయినవారు హిందువులో ముస్లింలో అయితే జడ్జి ఆయన్నీ బాండు అడగొచ్చు. బ్యాంకు డిపాజిట్లకీ షేర్లకీ కోర్టులో తీసుకునే సక్సెషన్ సర్టిఫికెట్‌కి కూడా 375వ సెక్షన్ కింద జడ్జి జామీనుతో బాండు అడగొచ్చు.

ఇదంతా దండగ అనను. మైనర్ పిల్లల వాటా బాబాయిలు మింగేసిన కథలు మన బంధువుల్లోనే బోలెడు. డబ్బు చేతిలో పడ్డవాడు లెక్క చెప్పకపోతే ఎవరో ఒకరి దగ్గర వసూలు చేసే దారి ఉండాల్సిందే. కానీ మైనర్లు లేని ఇంట్లో, తగాదా లేని ఇంట్లో కూడా అదే పట్టు పడితే ఎలా?

మా అక్క సంగతే చూడండి. బావగారి డిపాజిట్లకి నామినీ లేదు. పిల్లలిద్దరూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, అమ్మకే ఇచ్చేయండని రాసిచ్చారు. అయినా జామీను తెమ్మన్నారు. జామీనంటే ఉత్త సంతకం కాదు కదా, ఆ మొత్తానికి సరిపడా ఆస్తి ఉన్నవాడు జీవీఎంసీ ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఎమ్మార్వో ఆఫీసు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్తోమతకి ధ్రువపత్రం) పట్టుకుని, పని మానుకుని కోర్టుకి రావాలి. రోజూ వచ్చి కాఫీ తాగే పక్కింటాయన "మా అబ్బాయిని ఓ మాట అడిగి చెప్తానమ్మా" అన్నాడు, మర్నాటి నుంచి వాకింగ్‌కి వేరే వీధిలోంచి వెళ్తున్నాడు. ఆయన్ని అని లాభం లేదు, సొంత ఇల్లు పూచీ పెట్టమంటే ఎవరికైనా టెన్షనే. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఇక్కడ గాజువాకలోనో మర్రిపాలెంలోనో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు ఎవరి గుమ్మం ఎక్కుతారు?

చట్టమే కాస్త సందు ఇచ్చింది. 375వ సెక్షన్‌లో జామీనుదారు లేదా "తగిన మరో భద్రత" అని ఉంది. అంటే డిపాజిట్‌లో కొంత భాగం కొన్నేళ్లు కదపకుండా ఉంచమని షరతు పెట్టినా చాలు. లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్‌కి మాత్రం ఆ వెసులుబాటు రాయలేదు, అది పార్లమెంటు మార్చాల్సిందే. ఈ బాండు పద్ధతి మనకి అంటగట్టిన ఇంగ్లండే 1971లో దాన్ని ఎత్తేసి, అవసరమైన చోట మాత్రమే హామీ అడుగుతోంది. అమెరికాలో జామీను కంపెనీలు ప్రీమియం తీసుకుని బాండు ఇస్తాయి. మన దగ్గరా 2022 ఏప్రిల్ 1 నుంచి షూరిటీ బీమా (మనిషి బదులు బీమా కంపెనీయే పూచీ ఉండటం) అమ్మడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఉంది, ఆ నిబంధనల్లో కోర్టు బాండు మాట కూడా ఉంది, కానీ ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా రోడ్ల కాంట్రాక్టర్ల గురించే. హైవే వేసేవాడికి దొరికే హామీ మా అక్కకెందుకు దొరకదో బీమా కంపెనీలు చెప్పాలి.

బ్యాంకుల వైపు కొంత నయం. నామినీ ఉంటే జామీను అడగొద్దని రిజర్వ్ బ్యాంకు 2005లోనే చెప్పింది. నామినీ లేకపోయినా, వీలునామా గానీ తగాదా గానీ లేకపోతే 15 లక్షల దాకా బయటి వ్యక్తి జామీను అక్కర్లేదని 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చి, 2026 మార్చి 31లోగా అమలు చేయమంది (సహకార బ్యాంకులకి ఆ పరిమితి 5 లక్షలే). బ్రాంచిలో ఎవరైనా ఇంకా పాత ఫారాలే చేతిలో పెడితే ఈ ఆదేశం చూపించండి.

కోర్టు సంగతికొస్తే, వారసులంతా మేజర్లై ఒప్పుకున్న సక్సెషన్ సర్టిఫికెట్ కేసుల్లో సొంత బాండు చాలనీ, లేదంటే డిపాజిట్ భద్రత తీసుకోవాలనీ మన విశాఖ న్యాయవాదుల సంఘం హైకోర్టుకి ఒక వినతిపత్రం ఇస్తే బాగుంటుంది. రోజూ ఈ కేసులు వేసేది వాళ్లే, ఎవరెక్కడ ఆగిపోతున్నారో వాళ్లకి తెలిసినంత మాకు తెలీదు.

- ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం