మా ఇంటి కోసం మోకరించిన వారందరికీ వందనాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు వందనాలు. ఆసుపత్రిలో ఉన్న మా నాన్నగారి కోసం మీరు చేసిన విజ్ఞాపనకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. ఆయన కోలుకుంటున్నారు, దేవునికే మహిమ. దీన్ని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. రేపు మరో ఇంటికి ఇదే అవసరం పడుతుంది కాబట్టి, మీరు చేసినవాటిలో ఏది మాకు ఎలా ఆసరా అయిందో విడమరిచి రాస్తున్నాం.

ముందుగా గొలుసు ప్రార్థన, అంటే ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా చేసే ప్రార్థన, నడిపించిన అక్కకు. అరగంట చొప్పున వంతులు వేసి, ప్రతి వంతుకీ ఒక పేరు, దాని పక్కనే అదనంగా మరో పేరు రాసుకున్నారు. వంతు ముగిసే ముందు తర్వాతివారికి ఫోన్ వెళ్లాలి. ఎత్తకపోతే ఆ అదనపు పేరుకు. గొలుసు ప్రార్థనలు మధ్యలో తెగేది ఎక్కువగా ఇక్కడే. విశ్వాసం తగ్గి కాదు, తెల్లవారుజామున నిద్రపట్టేసి. 1727లో జర్మనీలోని హెర్న్‌హూత్‌లో మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ సమాజానికి చెందిన విశ్వాసులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు తలా ఒక గంట పంచుకుని మొదలుపెట్టిన ప్రార్థన వందేళ్లకు పైగా సాగిందంటే, వారి భక్తితో పాటు ఆ ఏర్పాటు కూడా అందుకు కారణమే.

అక్క రోజూ పంపిన విన్నపం మూడే మూడు వాక్యాలు. "ఈరోజు జ్వరం దిగాలి. రాత్రి నిద్ర పట్టాలి. పక్కన కూర్చున్న అమ్మగారికి ఓపిక కావాలి." అంతే. "ఆ కుటుంబాన్ని దీవించు తండ్రీ" దగ్గరే మన ప్రార్థన ఆగిపోయేది చాలాసార్లు ఏం అడగాలో తెలియకే. సొదొమ పట్టణాన్ని నాశనం చేయవద్దని దేవుణ్ణి వేడుకుంటూ అబ్రాహాము, అక్కడ నీతిమంతులు యాభై మంది ఉంటే అని మొదలుపెట్టి, నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై, పది వరకు లెక్క పెట్టి మరీ అడిగాడు. ఆ మూడో వాక్యం మాకు మరీ విలువైనది. రోగి కోసం అందరూ అడుగుతారు, రోగి పక్కనున్నవారు గుర్తుకు రారు. కొలొస్సయి సంఘానికి రాసిన పత్రికలో వారి కోసం అపొస్తలుడైన పౌలు చేసిన ప్రార్థన (కొలొస్సయులకు 1:9-11) చూడండి: జ్ఞానం, బలం, ఓర్పు, సంతోషం. మన విన్నపాల జాబితాల్లో సగం జబ్బులే ఉంటాయి, ఇవి కనబడవు.

ఇక మంచం దగ్గరకు వచ్చిన పెద్దలకు. "ప్రార్థన చేయమంటారా?" అని మొదట నాన్నగారినే అడిగారు. లోగొంతుతో, రెండు మూడు నిమిషాల్లో ముగించారు. ప్రార్థనలో ప్రసంగం చేయలేదు. "ప్రభువా, ఈయన ఇకనైనా మారేలా చేయి" అంటే అది దేవునితో మాట్లాడటం కాదు, రోగికి చెప్పే బుద్ధి. పడుకున్న మనిషి దానికి జవాబు చెప్పలేడు. ఏ పాపం వల్ల వచ్చిందని ఆరా తీయలేదు. తప్పక స్వస్థత కలుగుతుందని తమ సొంత మాట మీద హామీ ఇవ్వలేదు. గట్టిగా అడిగారు, ఫలితాన్ని తండ్రి చిత్తానికి వదిలారు. సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో ప్రభువైన యేసు చేసింది కూడా అదే.

రిపోర్టులు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. దీనికి ప్రత్యేకంగా వందనాలు. "ప్రార్థన చేయండి" అనే మాట వెనకాలే ఇంటి గుట్టు ఊరంతా పాకడం సంఘాల్లో తరచూ చూసేదే. ప్రార్థించడానికి పేరు, అవసరం తెలిస్తే చాలు.

మీలో కొందరి ఇళ్లలోనూ కష్టం ఉందని మాకు తెలుసు. అయినా మీ వంతు మానలేదు. బైబిల్లో ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు తన స్నేహితుల కోసం ప్రార్థించింది తన కష్టాలు తీరాక కాదు, తీరకముందే (యోబు 42:10). పైగా వాళ్లు తనను మాటలతో గాయపరచినవాళ్లు. దీన్ని బేరంగా మార్చేవారున్నారు, ఇతరుల కోసం అడిగితే మన పని అవుతుందని. ఆ వాక్యభాగం అలాంటి సూత్రమేదీ ఇవ్వడం లేదు. మీరూ అలా లెక్క వేసుకోలేదు.

ఒక మనవి. మా పేరును అవసరాల జాబితాలోంచి తీసి స్తుతుల వైపు, జవాబు వచ్చిన తేదీతో రాయండి. పాత విన్నపాలు అలాగే పడి ఉంటే జాబితా పెరిగిపోయి, చివరికి పేర్లు చదవడమే ప్రార్థన అయిపోతుంది. ఖాళీ అయిన చోట ఇంకో ఇంటి పేరు చేర్చండి. రాత్రి రెండు నుంచి మూడు వరకు వంతులకు మనుషులు దొరకడం కష్టమని అక్క చెప్పారు; ఆ రెండు అరగంటలూ ఇకనుంచి మా ఇద్దరు అన్నదమ్ముల పేర్ల మీద రాసుకోండి.